వరంగల్ గుట్టల్లో ట్రైలోబైట్లు దొరుకుతాయా?

పోయిన సంచికలో శిలాజాల గురించి రెండు ముక్కలు రాసినందుకు ఉత్తరాలు వరస కట్టాయి. వరండా బండ మీది మొక్క బొమ్మ దగ్గర్నుంచి అమెరికా ప్రయాణం దాకా అడగని విషయం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం రాళ్లకే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురం ఇంజనీరింగ్ ఫ్రెండ్స్. యూట్యూబ్‌లో ఫారినర్లు శని, ఆదివారాలు సుత్తి పట్టుకుని పోయి సంచి నిండా డెవోనియన్ కాలం నాటి ట్రైలోబైట్లు, సముద్రపు గవ్వలు ఏరుకొస్తుంటే కుళ్లుగా ఉంది. వరంగల్ నుంచి బైకుల మీద పొద్దున పోయి రాత్రికల్లా తిరిగొచ్చేలా అలాంటి చోటు చెప్పండి. (హనుమకొండ)

జవాబు: లేదు. బైకు మీద కాదు, రైలెక్కి తెలంగాణ మొత్తం తిరిగినా ట్రైలోబైటు, అంటే గట్టి పెంకు కప్పుకున్న పురుగు లాంటి ఆ పాతకాలపు సముద్రజీవి, దొరకదు. నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, ఎందుకు దొరకదో తెలిస్తే ఇక్కడ ఏం దొరుకుతుందో కూడా తెలుస్తుంది.

డెవోనియన్ కాలం సుమారు 42 కోట్ల ఏళ్ల కిందట మొదలై 36 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. ఆ కాలపు సముద్రజీవి కావాలంటే ఆ కాలంలో సముద్రం అడుగున పేరుకున్న బురద రాయిగా మారి మీ కాళ్ల కింద ఉండాలి. మీ కాళ్ల కింద ఉన్నదేమిటి? పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు చుట్టూ ఉన్న బండలు, ఖిలా వరంగల్‌లో ఒంటరిగా నిలబడ్డ ఆ పెద్ద గుండు, అన్నీ గ్రానైటు జాతివే. భూమి లోపల కరిగిన ముద్ద చల్లారి గట్టిపడిన రాయి అది, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అందులో శిలాజం కోసం సుత్తి వేస్తే సుత్తే విరుగుతుంది.

నర్సంపేట దాటి పాకాల వైపు పోతే రాయి మారుతుంది. అక్కడివి సున్నపురాయి, షేల్ (బురద గట్టిపడిన పొరల రాయి), ఇసుకరాయి. అవి నిజంగానే సముద్రంలో పేరుకున్నవి. కానీ వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే, అప్పటికి గవ్వ అనేదే పుట్టలేదు. ఆ తరహా సున్నపురాళ్లలో కనిపించేవి స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల జిగురు పొర మీద పొర పేరుకుని మిగిల్చిన వంపుల గీతలు. కోసిన ఉల్లిగడ్డ లాంటి ఆ గీతల్ని చూసి మామూలు మరకే కదా అని చాలామంది దాటిపోతారు. అన్నట్టు పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. అక్కడి నుంచి రాయి సంగతి అటుంచండి, ఆకు కూడా తేకూడదు. ఫోటో తీసుకుని రండి.

ఆ తర్వాత మన దగ్గర కథ తెగిపోతుంది. గోదావరి లోయలో మళ్లీ పొరలు పేరుకోవడం మొదలయ్యేది సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట. అడుగున ఉండే తల్చిర్ పొరలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్రాళ్లు ఉంటాయి. అవును, మన రామగుండం వైపే, ఒకప్పుడు మంచు! దాని పైన బొగ్గు, బొగ్గు పైన డైనోసార్ల కాలపు ఎర్రమట్టి, ఇసుకరాళ్లు. డెవోనియన్ వీటికి ముందే అయిపోయింది, ఆ కాలపు పొర మన దగ్గర లేదు. ఇండియాలో అసలే లేదని కాదు. హిమాచల్ ప్రదేశ్ స్పితిలోని పిన్ లోయలో ముత్ క్వార్ట్‌జైట్ అనే తెల్లని రాతిలో డెవోనియన్ నాటి కాళ్ల పురుగుల్లాంటి జీవులు నడిచిన జాడలు కూడా దొరికాయి. కాకపోతే అది శనివారం పోయి ఆదివారం వచ్చే దారి కాదు.

సరే, వీకెండ్ వృథా చేసుకోకండి. వరంగల్ నుంచి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం పోయి గోదావరి వంతెన దాటితే సిరోంచ వస్తుంది, అక్కడి వడధమ్ ఫాసిల్ పార్కులో రాయిగా మారిన చెట్ల మానులు చూడొచ్చు. ప్రాణహిత ఒడ్డున ఆ చుట్టుపక్కల రాళ్లు ప్రపంచంలో జియాలజీ చదివినవాళ్లందరికీ తెలిసినవి. భారీగా పెరిగిన బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు సిరోంచ దగ్గర పోచంపల్లిలోనే బయటపడ్డాయి. తవ్వకం ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో జరిగింది కాబట్టి దానికి ఆయన పేరూ కలిపి 1975లో బారాపాసారస్ టాగోరై అన్నారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే మరో డైనోసార్ ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బిర్లా మందిర్‌కి పోయి దాన్ని చూడకుండా వచ్చేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ఒక్క మాట. ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు ఎర్రమట్టి చేలల్లో ఎముకలాంటిది కనిపిస్తే తవ్వకండి. ఉన్నచోటే ఫోటో తీసి, ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని, హైదరాబాద్‌లోని జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసుకి తెలియజేయండి. ఎముక ఏ పొరలో ఏ తీరున పడి ఉందన్నదే సగం సమాచారం, పీకేశాక అది పోయినట్టే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. జూన్‌లో అమెరికాలోని బఫెలోలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ శిలాజాలు ఏరుకుని ఇంటికి తెచ్చుకోనిచ్చే పార్కు ఉందట, వీకెండ్‌లో తీసుకెళ్తానంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు. వెళ్లి లాభం ఉందా? ఏం చూడాలి? దొరికినవి ఇండియాకి తెచ్చుకోవచ్చా? (కాజీపేట)

జవాబు: టీచరు గారూ, పై ఉత్తరం రాసిన నలుగురికీ మీ అడ్రసు ఇవ్వకపోవడమే మంచిది, సూట్‌కేసులో దూరి వచ్చేస్తారు. మీ అబ్బాయి చెప్పింది పెన్ డిక్సీ అయ్యుంటుంది. బఫెలో ఊరిని ఆనుకుని హాంబర్గ్‌లో ఉంది, సుమారు 54 ఎకరాలు. ఒకప్పుడు సిమెంటు కోసం షేల్ తవ్విన క్వారీ. తవ్వి వదిలేసిన నేల మీద సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి సముద్రం అడుగు తెరుచుకుని ఉంది. టికెట్ కొనుక్కుని లోపలికి పోతే దొరికింది మీదే. అమెరికాలో అన్నిచోట్లా ఇలా ఉండదు. ఇండియానాలో ఒహాయో నది ఒడ్డున ఇంతకంటే గొప్ప డెవోనియన్ పగడాల మేట ఉంది, కానీ అక్కడ చూడటం వరకే, ఒక్క ముక్క తీసినా నేరం.

మోకాళ్ల సంగతి. నిజానికి మీలాంటివాళ్లకే ఆ చోటు నచ్చుతుంది. కుర్రాళ్లు పోగానే సుత్తి తీసి బాదడం మొదలెడతారు. షేల్ మెత్తటి రాయి, వానకి ఎండకి మంచుకి దానంతటదే పొరలుగా ఊడిపోయి లోపలి శిలాజాల్ని బయటికి వదిలేస్తుంది. మొదటి గంట సుత్తి ముట్టకుండా నెమ్మదిగా నడుస్తూ నేల చూడండి, వాన పడి వెలిసిన మర్నాడైతే మరీ మంచిది, కడిగిన నేల మీద శిలాజం రంగు తేడా ఇట్టే తెలుస్తుంది. ఓ చిన్న ప్లాస్టిక్ స్టూలు పట్టుకెళ్లండి. గుట్టగా పడి ఉన్న పెచ్చుల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చేత్తో ఏరుకోవచ్చు, బియ్యంలో రాళ్లు ఏరిన చేతులకి అదేం కష్టం కాదు.

ముందుగా కనపడేవి బ్రాకియోపాడ్లు. చూడగానే మన చెరువు ఆల్చిప్పే అనుకుంటారు, కాదు. ఆల్చిప్పకి రెండు చిప్పలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి, కానీ ఒక్క చిప్పని తీసుకుంటే ఎడమ పక్కకీ కుడి పక్కకీ పొంతన ఉండదు. బ్రాకియోపాడ్‌కి దీనికి తిరగేసి. పై చిప్ప వేరు, కింది చిప్ప వేరు, కానీ నడిమికి గీత గీస్తే ఎడమా కుడీ సమానం. మ్యూక్రోస్పిరిఫర్ అనేదైతే రెండు వైపులా రెక్కలు సాచినట్టు ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. ఇంకా, మధ్యలో చిల్లున్న పూసల్లాంటివి దొరుకుతాయి. అవి క్రైనాయిడ్ల కాడల ముక్కలు, చూడ్డానికి మొక్కలా ఉన్నా నక్షత్రచేపకి చుట్టాలు.

కొమ్ము ఆకారంలో వేలెడంత పగడం దొరికితే మాత్రం దాన్ని విడిగా దాచండి. భూతద్దం పెట్టి పక్కల చూస్తే అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి, పై పెంకు అరగకుండా ఉంటే ఇంకా బాగా. ఆ పగడం రోజుకో సన్న గీత చొప్పున పెరిగిందనీ, ఏడాదికోసారి ఆ గీతలు ఓ పట్టీలా కలుస్తాయనీ అంచనా. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త డెవోనియన్ పగడాల మీద ఇవి లెక్కపెడితే ఏడాది పట్టీకి సుమారు 400 తేలాయి. అంటే అప్పట్లో సంవత్సరానికి 365 కాదు, 400 రోజులు! భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కాలం మారలేదు, తన చుట్టూ తాను తిరగడమే వేగంగా ఉండేది, రోజంటే 22 గంటలే. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల రాపిడి భూమికి బ్రేకులా పనిచేస్తూ ఇన్ని కోట్ల ఏళ్లలో దాన్ని 24 గంటలకి తెచ్చింది. ఖగోళవాళ్లు కాగితం మీద వేసిన లెక్క వేలెడంత పగడం మీద గీసి ఉండటం చూశారా. నా మటుకు ట్రైలోబైటు కంటే ఇదే గొప్ప.

కానీ మీ అబ్బాయి ఊరుకోడు, ట్రైలోబైటే కావాలంటాడు. అక్కడ ఎక్కువ దొరికేది ఎల్డ్రెడ్జియాప్స్. బూడిదరంగు షేల్‌లో నల్లగా నిగనిగలాడుతుంది. ముట్టుకుంటే రోకలిబండ పురుగు ఎలా చుట్టుకుంటుందో ఇదీ అలాగే ఉండలా చుట్టుకుని రాయైపోయిన తీరులో దొరుకుతుంది. చాలాసార్లు ఒక్క తల, లేదా ఒక్క తోక మాత్రమే వస్తుంది. విరిగిపోయిందని బాధపడకండి, పెరిగేటప్పుడు పెంకు విడిచే జీవి కదా, ఒక్కోటి బతికుండగానే బోలెడు పెంకులు వదిలి ఉంటుంది. తల దొరికితే కళ్లు చూడండి. గుండుసూది మొనలంత కటకాలు వరసలు వరసలుగా విడివిడిగా కనిపిస్తాయి. ఆ కటకాలు కాల్సైటు అనే సున్నపు ఖనిజానివి, అంటే ఆ జీవి రాతి కళ్లద్దాలతోనే లోకాన్ని చూసింది. పెద్ద పలకల్ని పగలగొట్టాల్సి వస్తే అబ్బాయికి వదిలేయండి, ఉలిని పొర అంచున పెట్టి మెల్లగా కొట్టమనండి, పైనుంచి బాదితే లోపలున్నది పిండవుతుంది. సేఫ్టీ కళ్లద్దాలు ఇద్దరికీ ఉండాలి. నీడ తక్కువ, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు.

తెచ్చుకోవడం గురించి. దొరికిన ప్రతి ముక్కనీ విడిగా పేపర్లో చుట్టి, ఏ చోట, ఏ తేదీన దొరికిందో ఓ చీటీ రాసి అందులోనే పెట్టండి. చీటీ లేని శిలాజం అందమైన రాయి, అంతే. మట్టి లేకుండా శుభ్రంగా కడిగి ఆరబెట్టి చెక్-ఇన్ లగేజీలో వేయండి, సుత్తి కూడా అందులోనే, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. కడగడానికి నీళ్లూ పాత టూత్‌బ్రష్షూ చాలు. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, గవ్వా ట్రైలోబైటూ కాల్సైటే కాబట్టి నురగ కక్కి కరిగిపోతాయి. మరీ మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఓ పాతిక మంచివి ఎంచుకుని మిగతావి అక్కడే వదిలేయండి. రాళ్లకి ఎక్సెస్ బ్యాగేజీ కట్టానని తెలిస్తే ఇంట్లో ఏమంటారో మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: మా అత్తగారి పూజగదిలో తరతరాలుగా వస్తున్న సాలగ్రామం ఉంది. మా బాబు సైన్స్ పుస్తకం చూసి ఇది శిలాజమే అంటున్నాడు, అత్తయ్యేమో అపచారం అంటున్నారు. ఎవరిది నిజం? ఇదీ డెవోనియన్ కాలానిదేనా? (మంచిర్యాల)

జవాబు: శిలాజమన్నంత మాత్రాన అపచారం ఏమీ లేదమ్మా, ఇద్దరి మాటా చెల్లుతుంది. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్లలో చక్రం ఉన్నవి చాలామటుకు అమ్మోనైట్లు. చుట్టలు తిరిగిన పెంకులో బతికిన, నత్తకంటే ఆక్టోపస్‌కి దగ్గర చుట్టమైన సముద్రజీవి. పెంకు చుట్టూ బురద గట్టిపడి రాతి ఉండలా మారింది, లోపల మిగిలిన పెంకు అచ్చే మీరు చూసే చక్రం గీతలు. ఇండియా ఉత్తరానికి కదిలి ఆసియాని గుద్దుకోకముందు మధ్యలో టెథిస్ సముద్రం ఉండేది, దాని అడుగు హిమాలయంగా పైకి లేచింది కాబట్టే సముద్రజీవి కొండ మీది నదిలో దొరుకుతోంది.

వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు, జురాసిక్ చివరిది, కాబట్టి డెవోనియన్ కాదు. కాకపోతే ఈ వంశం మొదలైంది డెవోనియన్‌లోనే. నిటారు పెంకు జీవులు మెల్లగా చుట్ట తిరగడం ఆ కాలపు రాళ్లలో వరసగా కనిపిస్తుంది. పగలగొట్టి లోపల చూడాలని బాబుకి ఉంటే ఉండనివ్వండి, అత్తగారికి మాత్రం ఆ మాట చెప్పకండి.

ప్రశ్న: మా వరండాలో వేసిన తాండూరు బండ మీద అచ్చం ఫెర్న్ మొక్క లాంటి గుర్తు ఉంది. కోసి మ్యూజియానికి ఇమ్మంటారా? (జగిత్యాల)

జవాబు: వద్దు, వరండా పాడవుతుంది. అది మొక్క కాదు, డెండ్రైటు. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లలోని మాంగనీసు, ఇనుము అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. భూతద్దంతో చూడండి, ఆకుకి ఉండే నడిమి ఈనె ఉండదు, కొమ్మలన్నీ బండ అంచు నుంచో ఓ సన్నటి పగులు నుంచో మొదలవుతాయి. పైగా తాండూరు, శాబాదు బండల వయసుకి నేల మీద మొక్కలే లేవు. బొమ్మ బాగుంది కదా, తుడిచి ఉంచుకోండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా నాన్న సింగరేణిలో పనిచేస్తారు. బొగ్గుతో వచ్చిన నల్లరాయి మీద పొడుగాటి ఆకు గుర్తు ఉంది. ఇది ఎంత పాతది? ఇంకా కావాలంటే ఓబీ (బొగ్గు మీది నుంచి తవ్వి పోసిన మట్టి) గుట్ట ఎక్కొచ్చా? (గోదావరిఖని)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు: ఎక్కొద్దు. ఓబీ గుట్ట వదులుగా పోసిన మట్టి, వానాకాలంలో జారుతుంది, లోపల మిగిలిన బొగ్గు తనంతట తానే అంటుకుని కాలుతుంటుంది కూడా. తెచ్చిపెట్టమని నాన్నని కూడా అడగొద్దు, ఉద్యోగానికి చిక్కు.

ఇక ఆకు. నాలుక ఆకారం, మధ్యలో గట్టి ఈనె, దాని నుంచి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్న ఈనెలు ఉన్నాయా? ఉంటే అది గ్లోసాప్టెరిస్. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్యది, మన బొగ్గు చాలావరకు ఆ చెట్ల అడవులే. ఇదే ఆకు ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోనూ దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం గుడారంలో సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి, ఆకలితో, చలితో నడవలేని స్థితిలోనూ వాళ్లు అవి పారేయలేదు. వాటి మీదున్నదీ నీ దగ్గరున్న ఆకే. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానాగా కలిసి ఉండేవని చెప్పడానికి ఈ ఆకు పెద్ద సాక్ష్యం. నీ రాయిని నీళ్లలో నానబెట్టకు, ఎండలో పెట్టకు. అలాంటి రాయి ఆరేకొద్దీ పెచ్చులూడుతుంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, ఏ గని, ఏ తేదీ అని నాన్నని అడిగి రాసి పెట్టు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మొరాకో డెవోనియన్ ట్రైలోబైటు 1,800 రూపాయలకి కొన్నాను. ఒంటి నిండా ముళ్లున్నాయి, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. మా ఫ్రెండు నకిలీ అంటున్నాడు. (కరీంనగర్)

జవాబు: మీ ఫ్రెండు మాటే నిజమయ్యేలా ఉంది. మొరాకో ఎడారిలో అసలైన డెవోనియన్ ట్రైలోబైట్లు విపరీతంగా దొరుకుతాయి, అంతకంటే విపరీతంగా తయారవుతాయి కూడా. ముళ్ల జాతిని రాతిలోంచి సూది పనితో బయటికి తీయడానికి రోజుల తరబడి పడుతుంది, అది ఆ రేటుకి రాదు. ఇంకో గుర్తు, ఎక్కడా పగులు లేదన్నారే, అదే అనుమానం. రాయిని పగలగొట్టినప్పుడే కదా లోపల ట్రైలోబైటు ఉందని తెలిసేది, ఆ పగులు సాధారణంగా జీవి ఒంటి మీదుగానే పోతుంది, తర్వాత అతికిస్తారు. అసలు వాటిలో చాలావాటికి రాతి మీదా జీవి మీదా ఒకే వరసలో సాగే అతుకు గీత ఉంటుంది. మీదానికి భూతద్దం పెట్టి చూడండి, చిన్న చిన్న గాలి బుడగల గుంటలు కనిపిస్తే రెసిన్ పోత. కళ్లలో కటకాలు విడివిడిగా కనిపించకపోయినా అనుమానించాల్సిందే. వెనక్కి పంపే గడువు ఇంకా ఉంటే ఈ రాత్రికే రిటర్న్ పెట్టేయండి. ఆ డబ్బుకి ముళ్లు లేని మామూలు ట్రైలోబైటు, అతుకులతోనైనా సరే, అసలుది రావచ్చు.